స్కానింగులో రాయి లేదు, బయాప్సీలో ఏమీ లేదు, కామెర్లు మాత్రం మళ్ళీ వస్తున్నాయి

మీ అమ్మగారికి పిత్తనాళం ఉబ్బిందనీ, రాయి కనబడలేదనీ, బయాప్సీలో ఏమీ రాలేదనీ రాశారు. ఇక ఊరుకోవచ్చా అని అడిగారు. నేను డాక్టరును కాను. మాది ఒడిశాలోని రాయగడ. మా పెద్దమ్మకు పిత్తనాళం (కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగులోకి తెచ్చే గొట్టం) లోపల ఐపీఎన్‌బీ అనే గడ్డ పెరుగుతుంటే, తెలియక ఇలాగే ఊరుకుని ఏడాదికి పైగా పోగొట్టుకున్నాం. అందుకే ఊరుకోవద్దని చెబుతున్నాను.

పెద్దమ్మకు మొదటిసారి కళ్ళు పచ్చబడినప్పుడు ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. పసరు మందు, పది రోజుల పథ్యం. తగ్గిపోయాయి. పసరు పోసినాయనకు మంచి పేరు వచ్చింది. మూడు నెలలకు చలిజ్వరంతో మళ్ళీ వచ్చాయి, మళ్ళీ తగ్గాయి. అసలు మోసం ఆ తగ్గడంలోనే ఉందని తర్వాత తెలిసింది. నాళం లోపల పెరిగే ఈ రకం గడ్డ చాలాసార్లు జిగురు ఊరుస్తుంది. జిగురు అడ్డుపడితే కామెర్లు, జారిపోతే మామూలు. మనం మందు పనిచేసిందనుకుంటాం.

తర్వాత ఒక ఆస్పత్రిలో అల్ట్రాసౌండు చేసి, పిత్తాశయంలో రాళ్ళున్నాయని దాన్ని తీసేశారు. రాళ్ళు ఉన్నమాట నిజమే. అవి దొరికాక నాళం ఎందుకు ఉబ్బిందని ఎవరూ ఆలోచించలేదు. మేమూ అడగలేదు. ఐదు నెలలకు మళ్ళీ దురద, తెల్లటి మలం.

అప్పుడు విశాఖ రైలెక్కాం. ఎంఆర్‌సీపీలో (పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ స్కాను) కాలేయం ఎడమవైపు నాళాలు బాగా ఉబ్బి ఉన్నాయి, అడ్డం ఏమిటో తేలలేదు. ఆ స్కానులో జిగురు కూడా పైత్యరసంలాగే కనబడుతుందట. ఈఆర్‌సీపీలో (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి పిత్తనాళాన్ని చూసే పరీక్ష) మాత్రం దొంగ దొరికింది. నాళం పేగులోకి తెరుచుకునే చోట నోరు వెడల్పుగా తెరుచుకుని, చిక్కటి గంజిలాంటి జిగురు కారుతోంది. అయినా బ్రష్‌తో తీసిన కణాల్లో ఏమీ రాలేదు. పెదనాన్న ఆ కాగితం పట్టుకుని ఇంటికి పోదామన్నారు.

డాక్టరు ఒప్పుకోలేదు. బ్రష్‌కు పైపైన ఉన్నదే అంటుకుంటుంది, గడ్డంతా ఒకే తీరుగా ఉండదు, కాబట్టి ఆ పరీక్షలో లేదని వస్తే లేనట్టు కాదన్నారు. క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ 19-9 అనే రక్తపరీక్షలో ఎక్కువ వచ్చిందని మేము బెంబేలెత్తితే, నాళం మూసుకున్నా, చీము పట్టినా అది పెరుగుతుందని చెప్పారు. తర్వాత సన్నటి కెమెరాను నాళంలోకి పంపి, చూస్తూ ముక్క తీశారు. పేరు అప్పుడు తెలిసింది: ఐపీఎన్‌బీ, క్యాన్సర్‌కు ముందు దశ గడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీనికి విడిగా చోటు దొరికిందే 2010లో. అందుకే మొదటి డాక్టరుపై నాకిప్పుడు పెద్దగా కోపం లేదు.

కాలేయం ఎడమ భాగం తీసేశారు. మొత్తం గడ్డను కోసి చూస్తే ఒకచోట క్యాన్సర్ మొదలై ఉంది. కెమెరాతో తీసిన ముక్కలో కూడా అది లేదు.

మీ అమ్మగారి స్కానులో నీటితిత్తి లాంటిది ఉంటే, అది నాళంతో కలిసి ఉందా అని తప్పక అడగండి. ఎక్కువగా ఆడవాళ్ళకే వచ్చే మ్యూసినస్ సిస్ట్ అనే మరో గడ్డ ఉంది, అది సాధారణంగా నాళంతో కలవదు; ఐపీఎన్‌బీకీ దానికీ తేడా తెలిసేది అక్కడే. రిపోర్టు కాగితంతో సరిపెట్టకుండా స్కాన్ల సీడీలు తీసుకెళ్ళండి. కాలేయం, పిత్తనాళాల సర్జనే వాటిని చూడాలి. ఇంకొకటి, మీరూ ఒడిశా వైపు వాళ్ళే కదా, ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకు వర్తించదు. 2025 నుంచి ఒడిశాలోనూ ఆయుష్మాన్ కార్డులు ఇస్తున్నారు. అది పనిచేస్తుందో లేదో ఆస్పత్రికి ఫోను చేసి కనుక్కున్నాకే రైలు టికెట్టు కొనండి.