సైకిల్ సందేహాలు: కంటికి కనబడని మిట్ట

ప్రశ్న: నా వయసు నలభై ఎనిమిది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సైకిల్ తొక్కుతున్నాను. 28 కిలోమీటర్ల చుట్టుదారి ఒకటి ఎంచుకున్నాను. అందులో 12 కిలోమీటర్లు పట్టాలు తీసేసిన పాత రైలు దారి, మిగతాదంతా ఎత్తుపల్లాలున్న పార్కు. పార్కు వైపు నుంచి మొదలుపెట్టి అక్కడ హాయిగానే తొక్కాను. తీరా బల్లపరుపుగా ఉన్న రైలు దారి మీదికి వచ్చాక కాళ్లలో సత్తువ పోయింది. చదును నేల మీద ఇంత అలసట ఏమిటి? లోపం నాదా, సైకిల్‌దా?

జవాబు: మీదీ కాదు, సైకిల్‌దీ కాదు. మీరు వెళ్లిన వైపు ఆ దారి పైకి ఎక్కుతూ ఉండాలి.

మొదటిసారి ఇలాంటి దారి తొక్కినప్పుడు నేనూ సైకిల్‌నే అనుమానించాను. వెనక బ్రేకు చక్రానికి రాసుకుంటోందని గట్టిగా అనిపించింది. దిగి, సీటు పట్టుకుని వెనక చక్రం పైకి లేపి చేత్తో ఒక్క తిప్పు తిప్పాను. చువ్వలన్నీ ఒకటిగా కలిసిపోయి, చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. టైరు నొక్కి చూస్తే గాలీ సరిగ్గానే ఉంది. మళ్లీ ఎక్కితే మళ్లీ అదే బరువు. అసలు సంగతి తిరిగి వచ్చేటప్పుడు తెలిసింది. తొక్కడం ఆపినా సైకిల్ ఆగకుండా వెళ్తూనే ఉంది.

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. వందల టన్నుల బండిని లాగే ఇంజనుకు కాస్త నిటారు దారి ఎదురైతే చక్రాలు జారి ఉన్నచోటే తిరుగుతాయి. అందుకే రైలు దారి వేసినవాళ్లు మిట్టలను తవ్వి, పల్లాల్లో కట్ట పోసి, ఎక్కాల్సిన ఎత్తునంతా కిలోమీటర్ల పొడవునా పలచగా పరిచారు. న్యూజిలాండ్‌లో ఒటాగో సెంట్రల్ అనే పాత రైలు దారి 152 కిలోమీటర్లు సాగుతుంది. కొండల నడుమ వెళ్లే ఆ దారిలో కూడా వాలు 50కి ఒకటి మించదు.

మీ దారిలో వాలు నూటికి ఒకటే అనుకుందాం. వంద మీటర్లు వెళ్తే ఒక్క మీటరు ఎత్తు. అది కంటికి ఆనదు, కాళ్లకు మాత్రం తెలుస్తుంది. మీరూ సైకిలూ కలిసి 80 కిలోలైతే, 800 గ్రాముల బలం మిమ్మల్ని అదేపనిగా వెనక్కి లాగుతూ ఉంటుంది. 12 కిలోమీటర్లూ అలాగే సాగితే 120 మీటర్లు ఎక్కినట్టు. అంటే దాదాపు నలభై అంతస్తుల మేడ. కొన్ని చోట్ల పక్కనున్న పొదల్లో వాలు తెలిపే పాత రైల్వే స్తంభాలు ఇంకా మిగిలి ఉంటాయి. వాటి మీది అంకె చూస్తే మీ అలసటకు లెక్క దొరుకుతుంది.

మరొక కారణం కూడా ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. పార్కులో మిట్ట ఎక్కాక పల్లం వస్తుంది. పల్లంలో కాళ్లు ఆపుతాం, నడుము కదుపుతాం, సీటు మీద నుంచి కాస్త లేస్తాం. రైలు దారిలో ఆ విరామం ఉండదు. గంటసేపు ఒకే తీరున కూర్చుని, ఒకే బలంతో తొక్కాలి. అందుకే పది నిమిషాలకు ఒకసారి పెడళ్ల మీద నిలబడండి, హ్యాండిల్ మీద చేతులు మార్చండి, గేరు ఒక మెట్టు తేలిక చేసుకోండి. వాన పడిన మరునాడైతే మెత్తబడిన రాతిపొడిలోకి టైరు దిగి ఇంకా బరువనిపిస్తుంది. ఆ రోజు మానేసినా నష్టం లేదు.

ముఖ్యంగా, దిశ మార్చకండి. మొదలుపెట్టే చోటు మార్చండి. పార్కు అయిపోయి రైలు దారి మొదలయ్యే చోటు మీ చుట్టుదారిలో దిగువన ఉంది. అక్కడి నుంచే బయలుదేరండి. కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ఆ పొడవాటి ఎక్కుడు పూర్తవుతుంది. తర్వాత పార్కులో చిన్న చిన్న మిట్టలున్నా మొత్తం మీద కిందికే దిగుతారు. ఎదురుగాలి ఉందేమో మాత్రం ముందే చూసుకోండి. ఎత్తు కట్టల మీద గాలికి అడ్డు ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పాత రైలు దారిలో ఒక సొరంగం ఉంది. వాడికి చీకటంటే భయం. తీసుకువెళ్లవచ్చా?

జవాబు: తీసుకువెళ్లండి, కానీ లోపల నడిపించండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. అమెరికాలో 1960లలోనే సైకిళ్లకు ఇచ్చిన ఎల్రాయ్–స్పార్టా దారిలో మూడు సొరంగాలున్నాయి, ఒకటి కిలోమీటరుకు పైగా పొడవు. అక్కడ పెద్దవాళ్లు కూడా సైకిల్ దిగి నడవాల్సిందే.

ఎండలోంచి వచ్చిన కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి అరగంట దాకా పడుతుంది. అందుకే సొరంగం నోటి దగ్గరే, ఇంకా వెలుగున్న చోట ఆగండి. నల్ల కళ్లద్దాలు తీసేయండి. ముందు దీపాన్ని రెండు మూడు మీటర్ల దూరంలో నేల మీద పడేలా వంచండి, వెనక ఎర్ర దీపం కూడా వెలిగించండి. సొరంగం వంపు తిరిగి ఉంటే అవతలి వెలుగు మొదట కనబడదని బాబుకు ముందే చెప్పండి. చెప్పకపోతే దారి మూసుకుపోయిందనుకుంటాడు.

మా అక్క కూతురు మొదటిసారి వచ్చినప్పుడు నా చొక్కా అంచు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. పైకప్పు నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. ఒక చుక్క మెడ మీద పడి ఉలిక్కిపడింది, తర్వాత పడినవాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదిహేడో చుక్క దగ్గర అవతలి వెలుగు గోళీకాయంత కనబడింది. అప్పుడు చొక్కా వదిలింది.

ప్రశ్న: పార్కులో నడిచేవాళ్ల వెనక గంట కొడితే ఉలిక్కిపడుతున్నారు, కొట్టకపోతే తిడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: దూరం నుంచే కొట్టండి. ముప్ఫై అడుగుల ముందే ఒకసారి మెల్లగా, వాళ్లు తిరిగి చూడకపోతే ఇంకోసారి. దాటేటప్పుడు నడక వేగానికి తగ్గండి. గొలుసుతో కుక్కగానీ, చెయ్యి వదిలించుకున్న పసివాడుగానీ కనబడితే గంటను నమ్ముకోకండి. ఆగి, కాలు నేల మీద పెట్టండి.