రాత్రి రెండింటికి లేబర్ రూమ్‌కి ఎవరు వెళ్తారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేశాను. తర్వాత పాడేరు ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీలో ఏడాదిన్నర మెడికల్ ఆఫీసర్‌గా ఉన్నాను. డోలీ మీద మోసుకొచ్చిన గర్భిణుల్ని చూశాక, అన్నీ చెయ్యగల డాక్టర్ని కావాలనిపించింది. అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీకి (అక్కడి పీజీ ట్రైనింగ్) అప్లై చేస్తే అయిదు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండింటి మధ్య ఊగిసలాడుతున్నాను. ఒకటి న్యూజెర్సీలో పెద్ద టీచింగ్ ఆస్పత్రి, మా పిన్ని ఇంటికి ఇరవై నిమిషాలు. రెండోది కాన్సస్‌లో చిన్న ఊరు, అక్కడ మనవాళ్లెవరూ లేరు. రెండూ ‘మాది ఫుల్ స్పెక్ట్రమ్ ట్రైనింగ్’, అంటే అన్ని రకాల కేసులూ నేర్పుతాం, అనే చెబుతున్నాయి. నాన్నగారు న్యూజెర్సీ అంటున్నారు. చదువయ్యాక తిరిగొచ్చి ఏజెన్సీలోనే పనిచేయాలని నా కోరిక. ఏ ప్రోగ్రామ్ ముందు కావాలో వరసగా రాసిచ్చే ర్యాంక్ లిస్టులో ఏది ముందు పెట్టాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నా కూతురి ఈడుదానివి, నువ్వు అనే రాస్తున్నానమ్మా, ఏమీ అనుకోకు.

ముందు ఆ ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అన్న మాట పక్కన పెట్టు. ‘స్వచ్ఛమైన నెయ్యి’ అని బోర్డు పెట్టని స్వీట్ షాపు మన ఊళ్లో ఎక్కడైనా చూశావా? ఇదీ అంతే. అమెరికాలో రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చేది ఏసీజీఎంఈ. దాని నిబంధనలు అందరికీ ఒకటే. మూడేళ్ల చదువు, అందులో పిల్లలు, పెద్దలు, కాన్పులు, ఎమర్జెన్సీ, ఐసీయూ. ఏ వెబ్‌సైట్ తెరిచినా రొటేషన్ల పట్టిక ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. రాత్రి రెండింటికి లేబర్ రూమ్ నుంచి ఫోన్ వస్తే లేచి వెళ్లేది ఎవరు అన్నది మాత్రం ఆ పట్టికలో ఉండదు. నువ్వు కనుక్కోవలసింది అదే.

ఈ సంగతి నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. నేను రెసిడెన్సీ చేసింది తూర్పు తీరంలో ఒక పెద్ద సిటీలో, పెద్ద ఆస్పత్రిలో. ఊరు పేరు చూసి, గుడీ ఇడ్లీ దొరుకుతాయని చూసి లిస్టులో పైన పెట్టాను. అక్కడ గైనిక్ రెసిడెంట్లు వేరు, పిల్లల విభాగం వాళ్లు వేరు, సర్జరీ వేరు, ఎమర్జెన్సీ వేరు. పెళ్లి భోజనాల దగ్గర వడ్డించేవాళ్లు ఎక్కువైతే మన చేతికి గరిటె రాదు చూడు, నా పనీ అలాగే అయింది. కాన్పు కేసు వస్తే గైనిక్ ఫస్ట్ ఇయర్ ముందు నిలబడేవాడు, నేను గోడకు ఆనుకుని నిలబడేవాణ్ని. అతని తప్పేం లేదు, అతను చెయ్యాల్సిన కేసుల లెక్క అతనికి పూర్తి కావాలి. నిజం చెప్పాలంటే, అంతకుముందు కేజీహెచ్‌లో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడే నా చేతుల్లోకి ఎక్కువమంది పిల్లలు వచ్చారు.

చదువైపోయింది, బోర్డు పరీక్ష పాసయ్యాను. జే-1 వీసా వేవర్ (చదువయ్యాక సొంత దేశానికి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు) మీద నెబ్రాస్కాలో ఒక 25 పడకల ఆస్పత్రిలో చేరాను. రెండో నెలలోనే మంచు తుఫాను. రోడ్లు మూసేశారు, హెలికాప్టర్ రానంది. నొప్పులతో ఒకావిడ వచ్చింది, రెండో కాన్పు. బిడ్డ తల బయటికి వచ్చింది. వచ్చినట్టే వచ్చి, తాబేలు తలలా మళ్లీ వెనక్కి ముడుచుకుంది. బిడ్డ భుజం తల్లి కటి ఎముక దగ్గర ఇరుక్కుపోయింది. ఏం చెయ్యాలో నాకు తెలుసు, బొమ్మ మీద ఒకసారి చేశాను కూడా. కానీ నా చేతులు కదల్లేదు. అరవై ఏళ్ల నర్సు ఒకావిడ నా వైపు ఒక్క చూపు చూసి, ఆ తల్లి మోకాళ్లు రెండూ పొట్ట మీదికి మడిచి పట్టుకోమని భర్తకు చెప్పింది. తను స్టూలెక్కి పొత్తికడుపు మీద అరచెయ్యి ఆనించి నొక్కుతూ, ‘ఇప్పుడు, డాక్టర్’ అంది. అప్పటికి గానీ నా చేతులకు ప్రాణం రాలేదు. భుజం జారింది. బిడ్డ ఏడ్చింది, చెయ్యి కూడా బాగానే ఆడించింది. నేను బయటికొచ్చి కారిడార్‌లో నేల మీద కూర్చుండిపోయాను. మూడేళ్ల రెసిడెన్సీ ఎక్కడికి పోయిందా అని ఆ రాత్రంతా ఆలోచించాను.

సరే, నీ సంగతికి వద్దాం. అక్కడ ‘అన్‌అపోజ్డ్’ అని ఒక మాట వాడతారు. ఆస్పత్రి మొత్తానికి ఫ్యామిలీ మెడిసిన్ ఒక్కటే రెసిడెన్సీ అయితే అది అన్‌అపోజ్డ్ ప్రోగ్రామ్. కాన్పైనా, ఐసీయూలో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి గొట్టం) వెయ్యాలన్నా, పిల్లాడి చెయ్యి విరిగినా మొదటి పిలుపు మీకే. నీ కాన్సస్ ప్రోగ్రామ్ అలాంటిదేనని నా అనుమానం, కనుక్కో.

అంతమాత్రాన మురిసిపోకు. అమెరికా పల్లెటూళ్లలో చాలా ఆస్పత్రులు కాన్పుల విభాగాన్నే మూసేస్తున్నాయి. పోటీ లేదు సరే, కేసులూ ఉండాలి కదా! ఏడాదికి 120 కాన్పులయ్యే చోట 18 మంది రెసిడెంట్లు ఉన్నారనుకో, మూడేళ్లకి నీ వంతు 20. ఆ ఇరవై ఎందుకు చెప్పానంటే, 2023 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో ప్రతి రెసిడెంటూ చెయ్యాల్సిన మామూలు కాన్పులు కనీసం 20. చదువయ్యాక సొంతంగా కాన్పులు చేస్తాననేవాళ్లకి లెక్క వేరు: 80 కాన్పులు, లేబర్ రూమ్‌లో 400 గంటలు లేదా నాలుగు నెలలు. నీకు కావలసింది ఈ రెండోది. కాబట్టి ఇంటర్వ్యూలో ‘మీ దగ్గర కాన్పులు నేర్పుతారా’ అని అడగొద్దు, నేర్పుతామనే అంటారు. ‘పోయినేడాది బయటికెళ్లిన వాళ్లలో 80 దాటినవాళ్లు ఎంతమంది’ అని అడుగు. అంకె చెబితే రాసుకో. ‘ఆసక్తి ఉన్నవాళ్లకి అవకాశాలు ఉంటాయి’ అంటే కూడా రాసుకో, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకుని.

ఇంకోటి, నా ఉద్దేశంలో దీన్ని మించింది లేదు: పాఠం చెప్పే ఫ్యామిలీ మెడిసిన్ ఫ్యాకల్టీలో స్వయంగా కాన్పులు చేసేవాళ్లు, ఆస్పత్రిలో రౌండ్లు చేసేవాళ్లు ఎంతమంది? గురువులే ఓపీ దాటి బయటికి రాకపోతే శిష్యురాలు ఎక్కడికి వెళ్తుంది? అలాగే గత మూడేళ్ల బ్యాచ్‌లు ఇప్పుడు ఎక్కడున్నారో అడుగు. అందరూ అర్జంట్ కేర్‌లోనో, సిటీ క్లినిక్‌లోనో ఉంటే అక్కడి ట్రైనింగ్ అటే తీసుకెళ్తుందని అర్థం.

ఈ ప్రశ్నలు డైరెక్టర్‌ని కాదు, రెసిడెంట్లని అడుగు. ఇంటర్వ్యూ రోజున వాళ్లతో విడిగా మాట్లాడటానికి కాస్త టైమ్ ఇస్తారు. థర్డ్ ఇయర్ వాళ్లని పట్టుకుని, ‘పోయిన నెల నైట్ డ్యూటీలో మీ చేత్తో చేసినవి ఏంటి’ అను. గలగలా చెప్పేస్తే మంచిది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నీకు జవాబు దొరికినట్టే. సిజేరియన్ సంగతి కూడా అడుగు. మామూలుగా దానికి రెసిడెన్సీ తర్వాత ఇంకో ఏడాది ఫెలోషిప్ చేస్తారు. కొన్ని ప్రోగ్రాములు మాత్రం ఈ మూడేళ్లలోనే చెయ్యి తిప్పిస్తాయి.

న్యూజెర్సీ వాళ్లని కూడా ఇవే అడుగు. పెద్ద ఆస్పత్రి అన్నంత మాత్రాన కొట్టిపారెయ్యకు. కొన్నిచోట్ల ఫ్యామిలీ మెడిసిన్ వాళ్లకి విడిగా కాన్పుల సర్వీసు ఉంటుంది, పేదల క్లినిక్ నుంచి వాళ్ల పేషెంట్లే వస్తారు. అలాంటిదైతే పిన్ని చేతి వంట వదులుకోవక్కర్లేదు.

వీసా గురించి నాన్నగారికి టెన్షన్ ఉండొచ్చు. జే-1 అయితే ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. అక్కడే ఉండాలనుకునేవాళ్లు వేవర్ కోసం తిరుగుతారు. కాన్‌రాడ్ 30 కింద ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి ఇస్తారు, డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచెయ్యాలి. నువ్వు తిరిగొస్తానంటున్నావు కాబట్టి ఆ రెండేళ్ల షరతు నీకు అడ్డమే కాదు. మనసు మారి అక్కడే ఆగిపోయావనుకో (నేనూ అయిదేళ్లన్నవాణ్ని, పద్నాలుగేళ్లుండి వచ్చాను), నా నెబ్రాస్కా లాంటి ఊరే తగలొచ్చు. ఎటు చూసినా నీకు అన్నీ చేతనైన చదువే కావాలి. పాడేరులోనూ ఇదే కదా! ఘాట్ రోడ్డు దిగి కేజీహెచ్ చేరేలోపు జరగాల్సింది జరిగిపోతుంది.

ఇంకో మాట అడగలేదు గానీ చెబుతాను. తిరిగి ఏజెన్సీకే రావాలనుకుంటే ఇక్కడే డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ కూడా ఉంది, నీట్ పీజీ ద్వారా సీటు, అదీ మూడేళ్లే. ఇంత దూరం వచ్చాక నిన్ను వెనక్కి లాగను. నీ స్నేహితులెవరైనా ఆలోచిస్తుంటే వాళ్లకీ ఇదే ప్రశ్న పనికొస్తుందని చెప్పు: ఆ ఆస్పత్రిలో గైనిక్ పీజీలు ఉన్నారా, ఉంటే ఫ్యామిలీ మెడిసిన్ వాళ్ల చేతికి ఏం మిగులుతోంది?

లిస్టు విషయానికొస్తే, వాళ్లకి నేను నచ్చానా లేదా అని లెక్కలు వేసుకుని తారుమారు చెయ్యకు. రెండు వైపుల లిస్టులూ చూసి సీట్లు ఇచ్చే ఈ మ్యాచ్ పద్ధతి అభ్యర్థి ఇష్టం వైపు నుంచే మొదలవుతుంది. నిజంగా ఏది ముందు కావాలో అదే ముందు పెట్టు. మార్చి మూడో శుక్రవారం ఎక్కడొస్తే అక్కడికి వెళ్లి తీరాలి, కాబట్టి వెళ్లలేనన్న చోటు అసలు రాయకు. నేను నీ స్థానంలో ఉంటే, కాన్సస్ వాళ్లు ఆ 80 ప్రశ్నకి అంకెతో జవాబిస్తే దాన్నే ఒకటో నంబరుగా పెడతాను. నాన్నగారికి నా నెబ్రాస్కా రాత్రి సంగతి చదివి వినిపించు.

కాన్సస్‌లో పొద్దున్న ఎనిమిదంటే శీతాకాలంలో మనకి రాత్రి ఏడున్నర. ఆ టైమ్‌కి ఇంట్లో కుక్కర్ పెట్టొద్దని అమ్మకి ముందే చెప్పు, నీ ఇంటర్వ్యూలో విజిల్ వాళ్లకీ వినపడుతుంది. సీటు వచ్చాక జగదాంబ జంక్షన్‌లో స్వెట్టర్లు కొని సూట్‌కేసు నింపకు. నేను నింపుకుని వెళ్లాను, ఒక్కటీ డిసెంబర్ దాటలేదు. అక్కడికెళ్లాకే ఒక మంచి కోటు కొనుక్కో.