ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీకి ఏ డ్రైవర్, ఏ ఫర్మ్‌వేర్?

ల్యాప్‌టాప్‌లోని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి (డేటాను దాచే వేగవంతమైన డిస్కుకు) విడిగా డ్రైవర్ వేసుకోవాలా, ఫర్మ్‌వేర్ మార్చాలా అన్నది మీ ప్రశ్న. ఈ రెండూ ఒకటి కావు: ఎస్‌ఎస్‌డీతో విండోస్ పనిచేయించుకునే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ విండోస్‌లో ఉంటుంది, ఫర్మ్‌వేర్ ఎస్‌ఎస్‌డీలోని కంట్రోలర్ చిప్‌ను నడిపిస్తుంది.

డ్రైవర్ విషయంలో చాలామంది చేయవలసిందేమీ లేదు. విండోస్ 8.1 నుంచి ఎన్‌వీఎంఈ డ్రైవర్ అందులోనే వస్తోంది. చిక్కల్లా ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న కొన్ని ల్యాప్‌టాప్‌లతోనే. బయోస్‌లో (విండోస్ కన్నా ముందే తెరుచుకునే సెట్టింగుల్లో) వీఎండీ, అంటే ఎస్‌ఎస్‌డీని ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్ ద్వారా నడిపే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే, విండోస్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కుల జాబితా ఖాళీగా కనిపించవచ్చు. అది చూసి ఎస్‌ఎస్‌డీ పోయిందని కంగారుపడనక్కర్లేదు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను డౌన్‌లోడ్ చేసుకుని, జిప్ విప్పి పెన్‌డ్రైవ్‌లో ఉంచి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి ఆ ఫోల్డర్‌ను చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. ఇప్పటికే విండోస్ నడుస్తున్న ల్యాప్‌టాప్‌లో వీఎండీని ఆపేస్తే మాత్రం అది బూట్ కాకపోవచ్చు.

ఫర్మ్‌వేర్‌ను నిర్లక్ష్యం చేయకూడదన్నది నా అభిప్రాయం. క్రూషియల్ కంపెనీ ఎం4 ఎస్‌ఎస్‌డీలు సుమారు 5,184 గంటలు నడిచాక గంటకోసారి స్పందించడం మానేసేవి. 2012లో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌తోనే ఆ లోపం తీరింది. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎస్‌డీకి, దాని మీద ఎవరి పేరున్నా, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్‌నే వేయాలి. విడిగా కొన్నదానికైతే దాని తయారీదారు టూల్ వాడాలి. ముందుగా బ్యాకప్ తీసుకుని, బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకుని, ఛార్జర్ తగిలించి ఉంచండి.