గదికి సీలు వేయాలా, సందులు మూయాలా?

సందేహం: మా అపార్ట్‌మెంట్ సంఘం వేసవి కరెంటు బిల్లుల మీద ఒక కరపత్రం వేస్తోంది. అందులో నేను 'గది సీలింగ్, ఇన్సులేషన్ సరిగ్గా ఉంటేనే ఏసీ బాగా పనిచేస్తుంది' అని రాశాను. ఒక పెద్దాయన దాన్ని 'వాయుబంధనం, ఉష్ణనిరోధనం' అని దిద్దారు. ఏది వాడాలి? 'ఏసీని 24కు పెంచండి' అనడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదమ్మా. కానీ తెలుగు లిపిలో 'సీలింగ్' అని కనబడగానే చదివేవాళ్లు ఫ్యాను వైపు చూస్తారు, ఫాల్స్ సీలింగ్ చేయించమంటున్నారేమో అనుకుంటారు. పోనీ 'గదికి సీలు వేయండి' అందామా అంటే, పన్ను కట్టని దుకాణానికి మున్సిపాలిటీ వాళ్లు వేసేది సీలు. అది వేశాక లోపల మనుషులుండరు.

పెద్దాయన సూచించిన 'వాయుబంధనం' కడుపుబ్బరానికి మందు పేరులా ఉంది, వదిలేయండి. 'ఉష్ణనిరోధనం' దగ్గర కాస్త ఆగాలి, దానికి రెండు అర్థాలు తోస్తాయి. వేడికి తట్టుకునేది వేరు, వేడిని అవతలికి దాటనివ్వనిది వేరు. పొయ్యి మీద పెట్టినా పగలని గాజుపాత్ర మొదటి రకం. థర్మాకోల్ రెండో రకం, మంట తగిలితే అదెంతోసేపు నిలవదు. ఈ రెండోదానికి సైన్సు పుస్తకాల్లో 'ఉష్ణబంధకం' అనే మాట ఎప్పటినుంచో ఉంది. పాఠంలో అది బాగుంటుంది. కరపత్రం చదివినవాళ్లు మాత్రం లేచి ఏదో ఒక పని చేయాలి కదా, అందుకు నామవాచకం చాలదు, క్రియ కావాలి.

ఆ క్రియలు మేస్త్రీల నోట, వడ్రంగుల నోట రోజూ వినబడేవే. తలుపు రెక్కకూ గచ్చుకూ మధ్య ఉండేది సందు. పాత ఇళ్లలో అక్కడ గడప అడ్డం ఉండేది. ఫ్లాట్లలో పడగ్గదులకు గడపలు మానేశారు కాబట్టి రెక్క అడుగున రబ్బరు పట్టీ బిగించుకోవాల్సి వస్తోంది. ఏసీ పైపు గోడలోంచి బయటికి వెళ్లేచోట ఉండేది కన్నం. కిటికీ చౌకట్టు పక్కన సిమెంటు విడిస్తే అది బీట. సందు మూస్తాం, కన్నం పూడుస్తాం, బీటకు లప్పం పెడతాం. మూడు వేర్వేరు పనుల్ని ఒకే సమాసంలో ఇరికించడం దేనికి? అన్నిటినీ కలిపి చెప్పాల్సి వస్తే 'గాలి చొరబడకుండా' అనండి. వంటల శీర్షికల్లో 'గాలి చొరబడని డబ్బా' చదివిన వాళ్లందరికీ అర్థమవుతుంది.

ఇన్సులేషన్ గురించి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. చల్లగాలి బరువుగా ఉంటుంది, తలుపు కింది సందులోంచి బయటికి జారుతుంది. పైసందుల్లోంచి వేడిగాలి లోపలికొస్తుంది. అక్కడ 'చల్లగాలి పోకుండా' అనడం సబబే. గోడ, స్లాబు దగ్గర మాత్రం 'చల్లదనం పోకుండా' అనకండి. అక్కడ బయటి వేడే లోపలికొస్తుంది. పై అంతస్తువాళ్లను అడిగి చూడండి, 'రాత్రి పదింటికి కూడా స్లాబు వేడి దిగుతోందండీ' అంటారు. ఆ 'దిగడం' కంటే మంచి మాట నాకు దొరకలేదు. పడమటి గోడకైతే 'వేడి కొట్టకుండా' అనొచ్చు.

డాబా మీద తెల్లరంగు వేయించే ఆలోచన మీ సంఘానికి ఉంటే, దాన్ని 'చలువ పైకప్పు' అనండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ ఇలాంటి వాటి గురించే. 'శీతల' అంటే గిడ్డంగులు, పానీయాలు గుర్తొస్తాయి. 'చలువ' అంటే చలువపందిరి, ఎండ తాకిడి తగ్గించేది. తెల్లరంగు చేసేదీ అదే.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: 'తలుపుల కింది సందులు మూయండి. ఏసీ పైపు కన్నం పూడ్చండి. గదిలోకి వేడి దిగకుండా చూసుకుంటే ఏసీకి శ్రమ తగ్గుతుంది, మీకు బిల్లు తగ్గుతుంది.'

'ఏసీ పెంచండి' మాత్రం వద్దు. ఇంట్లో 'ఉక్కగా ఉంది, ఏసీ కాస్త పెంచు' అంటే ఇంకా చల్లగా చేయమని, అంటే అంకె తగ్గించమని. మీ కరపత్రం చెప్పదలచుకున్నది అందుకు సరిగ్గా తిరగబడి ఉంది. 'ఏసీని 24 మీద పెట్టండి' అంటే పేచీ లేదు. 2020 జనవరి నుంచి వస్తున్న స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవుతున్నాయి కాబట్టి, కొత్తవి కొన్నవాళ్లకు 'అంకె తగ్గించకండి' అన్నా సరిపోతుంది.