టీఎఫ్‌టూఎస్ లేకున్నా ఈస్టు పెరుగుతోంది కదా, మరి అది అవసరమని ఎలా అంటారు?

ఈస్టులో టీఎఫ్‌టూఎస్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే డీఎస్‌టీ1 జన్యువును పూర్తిగా తొలగించినా కణం మామూలుగానే పెరుగుతున్నప్పుడు, దారిలో ఇరుక్కుపోయిన ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ను (జన్యువును చదివి ఆర్ఎన్ఏ నకలు రాసే ఎంజైమును) విడిపించడానికి ఆ ప్రోటీన్ ముఖ్యమని పుస్తకాలు ఎందుకు చెబుతున్నాయని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా నేను మొట్టమొదట పెంచిన ఈస్టు రకాల్లో ఆ జన్యువు లేని రకం ఒకటి కావడం వల్ల ఈ సందేహం నన్నూ కొన్ని నెలలు వదల్లేదు.

ముందుగా అడ్డంకి ఎంత తరచుగా ఎదురవుతుందో చూడండి. న్యూక్లియోసోము అంటే హిస్టోన్ ప్రోటీన్ల ఉండకు 147 బేస్ జతల (అంటే అక్షర జతల) డీఎన్ఏ చుట్టుకొని ఉండడం; ఈస్టులో ఒక ఉండ ముగిసిన ఇరవై జతలకే మరొకటి మొదలవుతుంది. రెండవ రకం పాలిమరేజ్ (ప్రోటీన్ల జన్యువులను చదివేది ఇదే) నిమిషానికి సుమారు 2,000 అక్షరాల వేగంతో జన్యువును చదువుతుంది కనుక, లెక్క వేస్తే దాదాపు ఐదు సెకన్లకొక ఉండ దానికి అడ్డుపడుతుంది. అయినా అది ఉండను బలవంతంగా నెట్టివేయదు. 2009లో కార్లోస్ బుస్తమాంటే బృందం ఒక్కొక్క పాలిమరేజ్‌ను విడివిడిగా పట్టుకొని గమనించినప్పుడు, చుట్టుకొన్న డీఎన్ఏ తనంతట తాను కాస్త వదులయ్యే క్షణం కోసం అది కాచుకొని, సందు దొరకగానే ముందుకు జరుగుతుందని తేలింది.

అసలు చిక్కు ఆ కాచుకొనే సమయంలోనే వస్తుంది. ఆగిన పాలిమరేజ్ జిప్పు వెనక్కి జారినట్లు డీఎన్ఏ మీద కొన్ని అక్షరాలు వెనక్కి జారుతుంది. అప్పటిదాకా రాసిన ఆర్ఎన్ఏ కొస, కొత్త అక్షరం చేరవలసిన చోటును వదిలి, ఎంజైము అడుగున ఉన్న సన్నని రంధ్రంలోకి పొడుచుకొని వస్తుంది. కొస తన చోట లేకపోతే రాత సాగదు. టీఎఫ్‌టూఎస్ ఆ రంధ్రం గుండానే తన సన్నని చేతిని లోపలికి చాపి, చేతి చివరనున్న రెండు ఆమ్ల అమైనో ఆమ్లాల సాయంతో అదనపు తోకను తెగేలా చేస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: కత్తెర టీఎఫ్‌టూఎస్‌ది కాదు, పాలిమరేజ్‌దే. అక్షరాలను అతికించే స్థానమే వాటిని తెంచగలదు. ఒంటరిగా వదిలేస్తే ఆ పని చాలా మెల్లగా చేస్తుంది, అంతే.

ఇక నా అనుభవానికి వస్తాను. మామూలు పోషక మాధ్యమంలో ఆ మ్యూటెంట్‌ను (డీఎస్‌టీ1 తొలగించిన రకాన్ని), అసలు రకాన్ని పక్కపక్కన చుక్కలుగా పెడితే ఏది ఏదో నాకు తెలిసేది కాదు. తేడా చూపించే పాత పరీక్ష 6-అజాయురాసిల్. ఈ మందు కణంలో ఆర్ఎన్ఏ రాతకు కావలసిన అక్షరాలైన జీటీపీ, యూటీపీల నిల్వలను తగ్గిస్తుంది. అక్షరాల కొరతతో పాలిమరేజ్ పదేపదే ఆగుతుంది, ఆగినప్పుడల్లా వెనక్కి జారే ప్రమాదం పెరుగుతుంది. నేను ఎంతో శ్రద్ధగా ప్లేట్లు పోసి, పదేసి రెట్లు పలుచన చేసిన చుక్కలు పెట్టి, 30 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచితే రెండు వరుసలూ ఒకేలా పెరిగాయి. టీఎఫ్‌టూఎస్ నిజంగానే అక్కరలేదేమోనని సంబరపడి నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. మాధ్యమంలో యురాసిల్ ఉందని, అది ఉంటే మందు పనిచేయదని తోటి విద్యార్థి చెబితే గాని తెలియలేదు. యురాసిల్‌ను సొంతంగా తయారుచేసుకొనేందుకు కావలసిన యూఆర్ఏ3 జన్యువున్న ప్లాస్మిడ్‌ను (చిన్న డీఎన్ఏ వలయాన్ని) రెండు రకాలకూ ఎక్కించి, యురాసిల్ లేని ప్లేట్ల మీద మళ్ళీ చేసినప్పుడు అసలు రకం నాలుగో చుక్క వరకు పెరగగా, మ్యూటెంట్ మొదటి చుక్క దగ్గరే పలుచగా నిలిచిపోయింది. జీటీపీ తయారీకి పనికొచ్చే గ్వానీన్ కలిపిన ప్లేటు మీద అదే మ్యూటెంట్ తేరుకోవడం చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

అయితే మీ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే ప్రయోగం ఇది కాదని నా అభిప్రాయం. 2010లో యెస్పర్ స్వెయ్‌స్ట్రుప్ బృందం టీఎఫ్‌టూఎస్‌ను తొలగించే బదులు, ఆ రెండు ఆమ్ల అమైనో ఆమ్లాలను మార్చిన రూపాన్ని ఈస్టులో తయారు చేయించింది. ఆ రూపం రంధ్రంలోకి వెళ్ళి కూర్చుంటుంది గాని కోతకు సాయపడదు సరికదా, పాలిమరేజ్ సొంతంగా చేసుకొనే మెల్లని కోతను కూడా అడ్డుకుంటుంది. ఆ కణాలు బతకలేదు. అంటే ఈస్టు వదులుకోగలిగింది సాయం చేసే ప్రోటీన్‌ను మాత్రమే, వెనక్కి జారిన తోకను తెంచుకొనే పనిని కాదు.

హిస్టోన్ ఉండను తాత్కాలికంగా వదులు చేసి, పాలిమరేజ్ దాటాక మళ్ళీ కూర్చే ఫ్యాక్ట్, ఎస్‌పీటీ6 వంటి ప్రోటీన్లది వేరే కథ. అతినీలలోహిత కిరణాల వల్ల డీఎన్ఏ దెబ్బతిన్న చోట మాత్రం తోకను ఎన్నిసార్లు తెంచినా లాభం ఉండదు. అక్కడ మొదట రాడ్26 అనే ప్రోటీన్ వెనుక నుంచి పాలిమరేజ్‌ను ముందుకు నెట్టి చూస్తుంది. అది కదలకపోతే మరమ్మతు ప్రోటీన్లకు దారి చేస్తుంది. అదీ కుదరకపోతే డెఫ్1 అనే ప్రోటీన్ సాయంతో పాలిమరేజ్‌లోని అతి పెద్ద భాగానికి యుబిక్విటిన్ (విచ్ఛిన్నం చేయాల్సినదని గుర్తు వేసే చిన్న ప్రోటీన్) తగిలించి, దానిని కణం విచ్ఛిన్నం చేసుకుంటుంది. ఆ డెఫ్1ను తొలగించిన రకాన్ని కూడా నేను పెంచాను. దానికి ఏ మందూ అక్కరలేదు. మామూలు ప్లేటు మీదే కాలనీలు ఆలస్యంగా, చిన్నచిన్నగా వచ్చేవి.