జీతాలు ఎక్కువ చూపించే కాలేజీకి 96,000 డాలర్లు ఎక్కువ కట్టాలా?

ప్రశ్న: మేము అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉంటున్నాం. ఇంటి ఆదాయం ఏడాదికి 1,30,000 డాలర్లు. 2026 ఫాల్‌కి మా అమ్మాయికి రెండు చోట్ల అడ్మిషన్ వచ్చింది. తను చదవాలనుకునేది కంప్యూటర్ సైన్స్. మా స్టేట్ యూనివర్సిటీలో డార్మ్, మీల్ ప్లాన్‌తో కలిపి ఏడాదికి 28,000 అవుతుంది. ప్రైవేటు యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ పోను 52,000. కాలేజ్ స్కోర్‌కార్డ్ వెబ్‌సైట్‌లో మీడియన్ (మధ్యస్థ) జీతం ప్రైవేటుకి 85,000, స్టేట్‌కి 68,000 అని ఉంది. చదువు కోసం పన్ను రాయితీతో పొదుపు చేసే 529 ఖాతాలో 90,000 దాచాం. జీతంలోంచి నెలకు 500 తీయగలం. ఏడాదికి 17,000 ఎక్కువ సంపాదిస్తే ఆరేళ్లలో తేడా వచ్చేస్తుంది కదా అంటారు మా వారు. నిజమేనా?

జవాబు: మీ వారి భాగహారం సరైనదే. అయితే ఆ 17,000 తేడా కాలేజీ వల్లే వచ్చిందని అనుకోవడం దగ్గరే చిక్కు ఉంది. ఆయన పన్ను కూడా తీయలేదు, అది చిన్న విషయం.

స్కోర్‌కార్డ్ అమెరికా విద్యాశాఖది, నమ్మదగినదే. కాకపోతే మీరు చూసిన అంకె కాలేజీ మొత్తానిది. చేరిన పదేళ్లకు ఉద్యోగం చేస్తున్నవాళ్లలో సగం మంది ఎంతకు పైన సంపాదిస్తున్నారో అది చెబుతుంది. ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులే ఆ లెక్కలో ఉంటారు. చదువు మధ్యలో మానేసినవాళ్లు కూడా ఉంటారు. ఒక కాలేజీలో ఇంజనీర్లు ఎక్కువ, మరోదాంట్లో టీచర్లు, సోషల్ వర్కర్లు ఎక్కువ అయితే, ఇంజనీరింగ్ ఎక్కడ ఎంత బాగా చెప్పినా మొదటిదాని అంకే పెద్దగా కనిపిస్తుంది.

అందుకే ఈ రోజే ఒక పని చేయండి. అదే వెబ్‌సైట్‌లో ఒక్కో కాలేజీ పేజీ తెరిచి, ఫీల్డ్స్ ఆఫ్ స్టడీ కింద కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్ చూడండి. అక్కడ డిగ్రీ పూర్తి చేసినవాళ్ల జీతాలే ఉంటాయి. 17,000 తేడా అక్కడ ఎంతకు దిగుతుందో చూశాకే మాట్లాడుకోవాలి. విద్యార్థులు మరీ తక్కువమంది ఉన్న కోర్సులకు అంకె ఇవ్వరు. అలాంటప్పుడు కాలేజీ మొత్తం అంకెను దాని స్థానంలో పెట్టుకోకండి.

అక్కడ కూడా తేడా మిగిలితే? ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ ఈ ప్రశ్న మీదే పని చేశారు. గట్టి పోటీ ఉన్న కాలేజీల్లో అడ్మిషన్ వచ్చినా వేరే చోట చదివిన పిల్లల్ని, అక్కడే చదివినవాళ్లతో పోల్చారు. సగటున సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థులకు, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్ల పిల్లలకు మాత్రం అలాంటి గట్టి పోటీ ఉన్న కాలేజీ మేలు చేసింది. ప్రైవేటులో అడ్మిషన్ తెచ్చుకున్న మీ అమ్మాయి తెలివి, పట్టుదల స్టేట్ యూనివర్సిటీకి కూడా తనతోనే వస్తాయి.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. నెలకు 500 చొప్పున నాలుగేళ్లలో 24,000. 529తో కలిపితే మీ చేతిలో 1,14,000. స్టేట్ యూనివర్సిటీ ఖర్చు 1,12,000. అంటే ఫీజులు ఓ మాదిరిగా పెరిగినా దాదాపు అప్పు లేకుండా గట్టెక్కుతారు. ప్రైవేటు ఖర్చు 2,08,000, కాబట్టి 94,000 తక్కువ పడుతుంది. అమ్మాయి తన పేరు మీద నాలుగేళ్లలో తీసుకోగల ఫెడరల్ లోన్ 27,000. మిగతా 67,000 మీ నెత్తిన పడుతుంది. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు పేరెంట్ ప్లస్ లోన్ (పిల్లల చదువుకి తల్లిదండ్రులు తమ పేరు మీద తీసుకునే ఫెడరల్ అప్పు) ఒక్కో బిడ్డకు మొత్తం 65,000 దాటకూడదు. ఆ హద్దు దాకా తీసుకున్నా మీకు ఇంకో 2,000 తక్కువ పడుతుంది. ఆ 65,000ను 2025-26 రేటు 8.94 శాతంతో పదేళ్లలో తీర్చాలంటే, చదువు సమయంలో పేరుకునే వడ్డీ కలపకుండానే, నెలకు సుమారు 820 డాలర్లు కట్టాలి. ఇప్పుడు 500 తీయగలిగే ఇంటికి అది చాలా బరువు. స్కోర్‌కార్డ్‌లో కనిపించే విద్యార్థుల మీడియన్ అప్పులో ఈ పేరెంట్ ప్లస్ కలవదు. దాన్ని చూసి ధైర్యపడకండి.

నా సలహా స్టేట్ యూనివర్సిటీయే, ఒక షరతు మీద. అడ్మిషన్ నేరుగా కంప్యూటర్ సైన్స్‌లోకి వచ్చిందా, యూనివర్సిటీలోకి మాత్రమే వచ్చిందా అన్నది లెటర్‌లో చూడండి. చాలా స్టేట్ యూనివర్సిటీల్లో చేరాక ఆ మేజర్‌లోకి మారడానికి మళ్లీ పోటీ పడాలి. అది దొరక్కపోతే మీరు చూసుకున్న కోర్సు జీతాలకూ తనకూ సంబంధం ఉండదు. డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రైవేటువాళ్లను కూడా వదలకండి. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ ఉంటుందా, జీపీఏ ఎంత తగ్గితే పోతుంది అని అడగండి. స్టేట్ యూనివర్సిటీ ఆఫర్ జతచేసి సాయం పెంచమని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి రాయండి. మే 1 గడువుకి కనీసం రెండు వారాల ముందే రాయండి. వాళ్లు ఏడాది ఖర్చును 35,000కి దించితే మీ పొదుపు, నెలవారీ 500, అమ్మాయి ఫెడరల్ లోన్ కలిపి సరిపోతాయి. పేరెంట్ ప్లస్ అవసరం పడదు. అప్పుడు ఏది ఇష్టమో అమ్మాయినే తేల్చుకోనివ్వండి.