పవర్ అద్దాలు గట్టివైతే గాగుల్స్ మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు. లోహపు పనులు చేసే వర్క్‌షాపులో గ్రైండింగ్, లేత్ మెషిన్ పని చేస్తుంటాను. రెండు కళ్లకూ మైనస్ 4 పవర్ ఉంది. ఎడమ కంటి చూపు చిన్నప్పటి నుంచీ మందమే. అద్దాలు పెట్టుకున్నా ఆ కంటితో చదవలేను. ఈ మధ్య ముక్కు మీద, చెవుల వెనుక దురద, ఎర్రటి మచ్చలు వస్తున్నాయి. మెలితిప్పినా విరగని కొత్తరకం ఫ్రేములో పాలీకార్బొనేట్ లెన్సులు, వాటికి బ్లూ కట్ కోటింగ్ వేయించుకొమ్మని, అవి ఉంటే పని దగ్గర వేరే గాగుల్స్ అక్కర్లేదని కళ్లద్దాల దుకాణంలో చెప్పారు. గాగుల్స్ పెట్టుకుంటే లోపల ఆవిరి పట్టి ఏమీ కనిపించడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు మాటవరసకు ప్రస్తావించిన ఎడమ కంటి సంగతే నాకు అన్నింటికన్నా ముఖ్యంగా కనిపించింది. చదవడానికి, పని చేసుకోవడానికి మీరు ఆధారపడుతున్నది కుడి కన్ను ఒక్కదాని మీదే కాబట్టి, ఇతరులకు ఫరవాలేదనిపించే ప్రమాదం కూడా మీ విషయంలో చాలా పెద్దది. అందువల్ల సూటిగా చెబుతున్నాను: లెన్సు ఎంత గట్టిదైనా, మామూలు ఫ్రేములో బిగించిన పవర్ అద్దాలు గ్రైండింగ్ పనికి రక్షణ ఇవ్వవు. దయచేసి అలాంటి అద్దాలను నమ్మి గాగుల్స్ మానవద్దు.

పాలీకార్బొనేట్ మంచి పదార్థమే, అందులో సందేహం లేదు. దెబ్బ తగిలినప్పుడు గాజులా ముక్కలు కాకుండా ఆ శక్తిని తనలో ఇముడ్చుకుంటుంది, అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. చిక్కంతా ఫ్రేములో ఉంది. మామూలు ఫ్రేములో లెన్సు కూర్చునే గాడి లోతు తక్కువగా ఉంటుంది. వేగంగా వచ్చిన లోహపు ముక్క లెన్సును పగలగొట్టలేకపోయినా, దానిని గాడిలోంచి ఊడదీసి కంటి మీదికే నెట్టగలదు. పని కోసం ప్రత్యేకంగా తయారుచేసే ఫ్రేములో గాడిని లోతుగా చేసి, కంటివైపు అంచును కాస్త ఎత్తుగా ఉంచుతారు. లెన్సు ఊడినా ముందుకే పడాలి తప్ప లోపలికి రాకూడదన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. మెలితిప్పినా విరగని ఫ్రేము జేబులో నలిగినప్పుడు బాగా పనికొస్తుంది గానీ, దెబ్బ తగిలిన క్షణంలో అదే వంగే గుణం వల్ల లెన్సు పట్టు తప్పే అవకాశం ఉంది. పైగా గ్రైండింగ్ చక్రం నుంచి ఎగిరే రవ్వలు ఎదురుగానే రావు, పక్కనున్న వస్తువులకు తగిలి చెంపవైపు నుంచీ, కనుబొమకూ ఫ్రేముకూ మధ్యనున్న సందులోంచీ దూరుతాయి.

కొనేటప్పుడు దుకాణదారు మాటను కాక గుర్తులను చూడండి. అమెరికా ప్రమాణం ప్రకారం గట్టి దెబ్బకు తట్టుకునే లెన్సు మూలన 'జెడ్87+' అనీ, పవర్ లెన్సులు బిగించే రక్షణ ఫ్రేము మీద 'జెడ్87-2' అనీ చెక్కి ఉంటుంది. ఆ ప్లస్ గుర్తు రావాలంటే 6.35 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు దాదాపు 46 మీటర్ల వేగంతో తగిలినా, మొన ఉన్న అరకిలో బరువు 127 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినా, లెన్సు పగలకూడదు, ఫ్రేములోంచి ఊడనూ కూడదు. యూరప్‌లో చిరకాలం వాడిన ఈఎన్ 166 ప్రమాణంలో కళ్లద్దాలకు లభించే అత్యధిక స్థాయి 'ఎఫ్' మాత్రమే. అంతకు మించిన 'బి' స్థాయి గాగుల్స్‌కూ, అన్నింటికన్నా పైదైన 'ఎ' స్థాయి ముఖమంతా కప్పే షీల్డుకూ ఇస్తారు. ఆ ప్రమాణంలో లెన్సు మీద ఒక అక్షరం, ఫ్రేము మీద అంతకు తక్కువ అక్షరం ఉంటే, మొత్తానికి తక్కువ స్థాయినే లెక్కలోకి తీసుకుంటారు. గట్టి లెన్సును మామూలు ఫ్రేములో పెట్టించుకోవడం ఎందుకు చాలదో ఈ ఒక్క నియమమే చెబుతుంది.

మీకు నా సలహా ఇది. సైడ్ షీల్డులున్న పవర్ రక్షణ కళ్లద్దాలు చేయించుకోండి. గ్రైండింగ్ చేసేటప్పుడు వాటి మీద ఫేస్ షీల్డు కూడా దించుకోండి. షీల్డు ఒక్కటే చాలదు, ఎందుకంటే దాని కింది నుంచి రవ్వలు వస్తాయి, పని మధ్యలో దాన్ని పైకెత్తే అలవాటు అందరికీ ఉంటుంది. మైనస్ 4 పవర్‌కు పాలీకార్బొనేట్ అంచుల్లో వస్తువుల చుట్టూ సన్నని రంగు గీతలు కనిపించవచ్చు. అవి ఇబ్బంది పెడితే ట్రైవెక్స్ అనే పదార్థం అడగండి. అది దెబ్బకు దాదాపు అంతే తట్టుకుంటుంది, చూపు మరింత తేటగా ఉంటుంది, కాకపోతే కొంచెం మందంగా వస్తుంది. ముఖాన్ని చుట్టినట్టు వంపు తిరిగిన ఫ్రేము ఎంచుకుంటే, ఆ వంపుకు తగ్గట్టు పవర్ సవరించి చేయగలరో లేదో ముందే అడగండి; సవరించకపోతే తలనొప్పి వస్తుంది. పాలీకార్బొనేట్‌ను థిన్నర్‌తో గానీ అసిటోన్‌తో గానీ ఎన్నడూ తుడవవద్దు. పైకి కనిపించని పగుళ్లు ఏర్పడి దాని బలం పోతుంది.

ఆవిరి సమస్యను చిన్నదిగా చూడకూడదు, ఎందుకంటే గాగుల్స్ తీసి పక్కన పెట్టడానికి ఎక్కువమంది చెప్పే కారణం అదే. ముఖం నుంచి వచ్చే వెచ్చని తేమ చల్లని లెన్సు మీద నీటి బిందువులుగా మారడం వల్ల అలా జరుగుతుంది. గాగుల్సే వాడేటట్టయితే, రవ్వలు నేరుగా దూరకుండా మలుపు తిరిగిన గాలి దారులు, లోపలివైపు యాంటీ ఫాగ్ కోటింగ్ ఉన్నవి తీసుకోండి. ఆ పూతను పొడి బట్టతో గట్టిగా రుద్దితే త్వరగా పోతుంది. ముక్కు దగ్గర ఫ్రేము సరిగా కూర్చోకపోయినా శ్వాస పైకి చేరుతుంది. ముక్కు దూలం ఎత్తు తక్కువగా ఉన్నవారికి సర్దుకునే నోస్ ప్యాడ్లు, కాడల వంపు మార్చుకునే వీలు ఉన్న ఫ్రేములు వస్తున్నాయి. ముఖాన్ని స్కాన్ చేసి, ఆ కొలతలకు నైలాన్ పొడితో త్రీడీ ప్రింటింగ్ చేసే ఫ్రేములూ ఉన్నాయి. కొత్త డిజైన్లలో నాకు నిజంగా విలువైనవిగా తోచేవి ఇలాంటివే. సరిగా అమరిన అద్దాలనే మనిషి రోజంతా ఉంచుకుంటాడు.

మీ దురదకు నికెల్ కారణం కావచ్చునని అనుమానిస్తున్నాను. మెలితిప్పినా విరగని ఫ్రేముల్లో ఎక్కువగా వాడే నిటినాల్ అనే మిశ్రమ లోహం బరువులో సగానికి పైగా నికెలే, కాబట్టి మీకు చూపించిన ఫ్రేములోని లోహమేదో తెలుసుకోకుండా కొనవద్దు. నైలాన్ ఫ్రేము గానీ, నికెల్ లేదని తయారీదారు స్పష్టంగా చెప్పిన టైటానియం ఫ్రేము గానీ మేలు. చర్మవైద్యులు ప్యాచ్ టెస్టుతో, అంటే అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే పరీక్షతో, నిర్ధారించగలరు.

నీలి కాంతిని తగ్గించే బ్లూ కట్ కోటింగ్ మీకు అవసరం లేదు. కంప్యూటరు వాడేవారి కంటి అలసటను ఆ లెన్సులు తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం లేదని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష తేల్చింది.

పనిలో ఎప్పుడైనా కంట్లో ఏదో తగిలినట్టు అనిపిస్తే రుద్దవద్దు, తోటివారి చేత సూదితోనో బట్ట కొసతోనో తీయించుకోవద్దు. ఇనుప రజను కంటి ముందుండే పారదర్శక పొర (కార్నియా) మీద కొద్ది గంటల్లోనే తుప్పు వలయం ఏర్పరచగలదు. వేగంగా దూసుకొచ్చిన ముక్క నొప్పి పెద్దగా లేకుండానే కంటి లోపలికి చేరవచ్చు, కాబట్టి నొప్పి తగ్గిందని ఊరుకోకుండా అదే రోజు కంటి వైద్యుణ్ణి కలవండి. ఏ కారణంతోనైనా ఎంఆర్ఐ తీయించుకోవలసి వస్తే, మీరు లోహపు పని చేస్తారనీ, గతంలో కంటికి దెబ్బ తగిలి ఉంటే ఆ సంగతీ ముందే అక్కడి సిబ్బందికి చెప్పండి; కంట్లో మిగిలిపోయిన ఇనుప ముక్క ఆ అయస్కాంత బలానికి కదిలి చూపును దెబ్బతీయవచ్చు.